కాల్ ఆదేశంతో సంఖ్యను పంపితే అవతలి ప్రోగ్రాముకు ఏం చేరుతుంది? ఐబీఎం ఐ పారామీటర్ల సమీక్ష

నమస్కారం. ఐబీఎం ఐ (ఐబీఎం వ్యాపార కంప్యూటర్ల ఆపరేటింగ్ సిస్టమ్) మీద ఒక ప్రోగ్రాము నుంచి మరో ప్రోగ్రాముకు సంఖ్యను పంపడానికి ఉన్న మార్గాలను ఈ వీడియోలో పరీక్షించి చూద్దాం. రోజూ నడిచే వ్యాపార వ్యవస్థలో వాటిలో దేన్ని నమ్మవచ్చో నా అభిప్రాయం కూడా చెబుతాను. 1988లో ఏఎస్/400 పేరుతో వచ్చిన ఈ వ్యవస్థను వాడేవారందరికీ మరో ప్రోగ్రామును పిలిచే కాల్ ఆదేశం పరిచయమే. ప్రోగ్రాము పేరు, దాని పక్కన పారామీటర్లు, అంటే దానికి పంపే విలువలు, రాస్తే సరిపోతుంది కాబట్టి, ఇందులో పరీక్షించడానికి ఏముందని కొందరికి అనిపించవచ్చు.

నేను తీసుకున్న ఆర్‌పీజీ (ఈ వ్యవస్థలో వ్యాపార ప్రోగ్రాములు రాసే భాష) ప్రోగ్రాముకు ఒకే ఒక పారామీటరు ఉంది. అది 5 అంకెల ప్యాక్డ్ డెసిమల్, దశాంశ స్థానాలు లేవు. ప్యాక్డ్ పద్ధతిలో ఒక్కో అంకెకు అర బైటు, ప్లస్ లేదా మైనస్ గుర్తుకు చివర మరో అర బైటు పడుతుంది కాబట్టి, ఈ పారామీటరుకు 3 బైట్లు చాలు. ఇప్పుడు కమాండ్ లైను మీద కాల్ రాసి, పారామీటరుగా 123 ఇస్తున్నాను. తెరపై వచ్చినది ఎంసీహెచ్1202, అంటే డెసిమల్ డేటా ఎర్రర్. ఆర్‌పీజీ దీన్నే 907వ స్టేటస్‌గా చూపిస్తుంది.

కారణం తెలియాలంటే బైట్లను చూడాలి. కాల్‌లో నేరుగా రాసిన సంఖ్యను, అవతలి ప్రోగ్రాము ఏం ఆశిస్తోందో చూడకుండా, వ్యవస్థ మామూలుగా 15 అంకెలు, అందులో 5 దశాంశ స్థానాలు ఉన్న ప్యాక్డ్ రూపంలోకి మారుస్తుంది. 123 అలా మారితే 00 00 00 01 23 00 00 0ఎఫ్ అనే 8 బైట్లు అవుతుంది, చివరి ఎఫ్ ప్లస్ గుర్తు. పారామీటరుగా వెళ్లేది ఆ 8 బైట్లు ఉన్న చోటి చిరునామా మాత్రమే. రకం, పొడవు వంటి వివరాలేవీ దాని వెంట వెళ్లవు. మన ప్రోగ్రాము ఆ చిరునామా నుంచి మొదటి 3 బైట్లు తీసుకుంటుంది, అవి మూడూ సున్నాలే. గుర్తు ఉండవలసిన చివరి అర బైటులో కూడా సున్నా ఉంది, సున్నా గుర్తుగా చెల్లదు కాబట్టి ప్రోగ్రాము అక్కడే ఆగిపోతుంది.

ఇలా ఆగిపోవడం మన అదృష్టమని నేను గట్టిగా నమ్ముతాను, ఎందుకంటే రెండో పరీక్షలో ఆ అదృష్టం కూడా లేదు. పారామీటరును 15 అంకెలు, 2 దశాంశ స్థానాలుగా మార్చి, 250 పంపాను. పొడవు 8 బైట్లే, గుర్తు సరైన చోటే ఉంది, ఎర్రర్ రాలేదు. ప్రోగ్రాముకు కనిపించిన విలువ మాత్రం 250000.00, సరిగ్గా వెయ్యి రెట్లు. దశాంశ బిందువు బైట్లలో ఎక్కడా ఉండదు, అది డిక్లరేషన్‌లోనే ఉంటుంది. పంపే వైపు, అందుకునే వైపు డిక్లరేషన్లు వేరైతే డబ్బు లెక్క నిశ్శబ్దంగా తప్పిపోతుంది.

ఇక పరిష్కారాలు. పాతకాలం నుంచీ చాలామంది వాడేది హెక్స్ లిటరల్, అంటే బైట్లనే నేరుగా రాయడం: ఎక్స్'00123ఎఫ్' అని రాస్తే సరిగ్గా 3 బైట్లు వెళ్తాయి. ప్రోగ్రామరు కమాండ్ లైను మీద ఒకసారి పరీక్షించుకోవడానికి ఇది చాలు, ఆపరేటరు చేతికి మాత్రం ఇవ్వకూడదు. పారామీటరునే 15కు 5గా, అంటే 15 అంకెలు, అందులో 5 దశాంశ స్థానాలుగా, ప్రకటించుకోవడం మరో పద్ధతి. ఆదేశాలను నడిపే క్యూసీఎండీఎక్జెక్ కూడా ఆదేశం పొడవును ఇదే రూపంలో తీసుకుంటుంది కనుక, దీన్ని తప్పుపట్టలేం.

సీఎల్ (ఈ వ్యవస్థ ఆదేశాలతోనే ప్రోగ్రాములు రాసే భాష) ప్రోగ్రాములో 5కు 0 అని ప్రకటించిన వేరియబుల్‌ను పంపితే కాల్ చక్కగా పనిచేస్తుంది, నా పరీక్షలోనూ పనిచేసింది. అయితే అదే కాల్‌ను అదే వేరియబుల్‌తో ఎస్‌బీఎమ్‌జాబ్ అనే ఆదేశం ద్వారా బ్యాచ్‌కు, అంటే తెరతో సంబంధం లేకుండా వెనుక నడిచే జాబుకు, పంపగానే మళ్లీ ఎంసీహెచ్1202 వచ్చింది. ఎస్‌బీఎమ్‌జాబ్ వేరియబుల్ విలువను ఆదేశపు పాఠంలో అక్షరాలుగా రాసి పంపుతుంది. బ్యాచ్ జాబు ఆ పాఠాన్ని చదివేటప్పటికి అక్కడ వేరియబుల్ ఉండదు, నేరుగా రాసిన సంఖ్యే ఉంటుంది, అది 15కు 5గా మారిపోతుంది. పగలు తెర ముందు సరిగ్గా నడిచిన ప్రోగ్రాము రాత్రి బ్యాచ్‌లో ఎందుకు ఆగిందో తెలియక నేను ఒక రాత్రంతా డంప్ (ప్రోగ్రాము ఆగినప్పటి మెమరీ ముద్రణ) చదివాను కాబట్టి, ఈ ఒక్క విషయాన్ని కొత్తగా చేరినవారికి తప్పక చెప్పండి.

ఆర్‌పీజీ నుంచి ఆర్‌పీజీని పిలిచేటప్పుడు ప్రొటోటైప్ (అవతలి ప్రోగ్రాము పారామీటర్ల వివరణ) రాసి, పారామీటరుకు కాన్‌స్ట్ (విలువను మార్చబోమనే సూచన) చేర్చితే, కంపైలరు మనం ఇచ్చిన సంఖ్యను సరైన పొడవుకు తానే మార్చి పంపుతుంది. ఆ ప్రొటోటైప్‌ను కాపీ మెంబరులో (పలు ప్రోగ్రాముల్లో చేర్చుకునే సోర్సులో) పెట్టి, పిలిచే ప్రోగ్రాములోనూ పిలవబడే ప్రోగ్రాములోనూ చేర్చడం తప్పనిసరి; లేకపోతే ప్రొటోటైప్‌లో మనం రాసిన తప్పునే కంపైలరు నమ్మకంగా పాటిస్తుంది.

నా ఓటు మాత్రం సొంత ఆదేశానికే. కమాండ్ డెఫినిషన్‌లో పారామీటరు రకం డెసిమల్ అనీ, పొడవు 5కు 0 అనీ రాసి, క్రియేట్ కమాండ్‌తో తయారుచేసుకుంటే, ఆదేశం ఎక్కడి నుంచి వచ్చినా సంఖ్య ఆ పొడవులోనే ప్రోగ్రాముకు చేరుతుంది. 5 అంకెలు మించిన విలువ ఇస్తే ప్రోగ్రాము మొదలుకాకముందే తిరస్కరిస్తుంది, పైగా ఎఫ్4 నొక్కితే ఆపరేటరుకు విలువలు నింపే ప్రాంప్ట్ కూడా వస్తుంది. చివరిగా ఇందాక బ్యాచ్‌లో ఆగిపోయిన అదే పనిని, కాల్ స్థానంలో ఈ ఆదేశాన్ని పెట్టి, ఎస్‌బీఎమ్‌జాబ్‌తో మళ్లీ పంపాను. జాబు లాగ్ తెరపై ఉంది: ఎర్రర్ లేదు, ప్రోగ్రాముకు అందిన విలువ 123.