ఆర్కిటిక్ ఆకాశం: కింద వేడెక్కుతోంది, పైన చల్లబడుతోంది

ఉత్తర ధ్రువానికి దగ్గర్లో, స్వాల్‌బార్డ్ దీవుల్లో నీ-ఒలెసున్ అనే చిన్న ఊరుంది. అక్కడ రోజూ ఒక బెలూన్ ఎగరేస్తారు. దానికి వేలాడే చిన్న పెట్టె పేరు రేడియోసోండ్. సెకనుకు 5 మీటర్ల చొప్పున పైకి వెళ్తూ, ఎక్కడ ఎంత వేడి ఉందో, ఎంత తేమ ఉందో రేడియోలో కిందికి చెబుతుంది. దాదాపు 30 కిలోమీటర్ల ఎత్తులో బెలూన్ ఉబ్బి ఉబ్బి పగిలిపోతుంది. చలికాలంలో అక్కడ నెలల తరబడి సూర్యుడే కనిపించడు. ఆ చీకట్లోనూ ఈ పని ఆగదు. ఆ పని చేసేవాళ్లంటే నాకు చాలా గౌరవం.

1979 నుంచి ఆర్కిటిక్ ప్రపంచ సగటు కంటే దాదాపు 4 రెట్లు వేగంగా వేడెక్కింది. ఈ సంగతి మీరు వినే ఉంటారు. అయితే అది నేలకు దగ్గరగా ఉన్న గాలి లెక్క. పైకి వెళ్లేకొద్దీ ఆ పెరుగుదల తగ్గుతూ వస్తుంది. ఇంకా పైన, దాదాపు 10 కిలోమీటర్ల ఎత్తు దాటాక మొదలయ్యే స్ట్రాటోస్ఫియర్ అనే గాలి పొరలో, మొత్తమ్మీద చల్లబడుతోంది!

కింద ఎందుకంత వేడి? చలికాలంలో అక్కడ మంచును ఆనుకుని బరువైన చల్లగాలి ఉంటుంది, దాని మీద కాస్త వెచ్చటి గాలి మూత పెట్టినట్టు కూర్చుంటుంది. మంచు కరిగిన సముద్రం నుంచి వచ్చే వేడి ఆ మూత దాటి పైకి పోలేక కిందే ఉండిపోతుంది.

పైన కథ వేరు. అక్కడ పెరిగిన కార్బన్ డయాక్సైడ్ వేడిని అంతరిక్షంలోకి వదిలేస్తుంది. ఎండను పీల్చుకుని అక్కడి గాలిని వేడెక్కించే ఓజోన్ తగ్గడం కూడా ఒక కారణం. సూర్యుడి వల్లే ఇదంతా జరుగుతోందనేవాళ్లు ఇక్కడ ఒక్క క్షణం ఆగాలి. సూర్యుడే కారణమైతే పైన కూడా వేడెక్కాలి కదా? కార్బన్ డయాక్సైడ్ పెరిగితే పైన చల్లబడుతుందని మనాబే, వెదరాల్డ్ అనే వాతావరణ శాస్త్రవేత్తలు 1967లోనే లెక్కగట్టి చెప్పారు.

ఈ మార్పును పట్టుకోవడం మాత్రం తేలిక కాదు. కొన్ని చలికాలాల్లో ఆర్కిటిక్ స్ట్రాటోస్ఫియర్ నాలుగైదు రోజుల్లోనే పదుల డిగ్రీలు వేడెక్కుతుంది. 2009 జనవరిలో అలాగే జరిగింది. 2020లో అందుకు పూర్తిగా రివర్స్: విపరీతమైన చలి, వసంతంలో ఓజోన్ భారీగా తగ్గిపోయింది. అందుకే ఒకటి రెండు ఏళ్లు చూసి ఏదీ తేల్చకూడదు, దశాబ్దాల లెక్క కావాలి.

ఆ లెక్కలోనూ చిక్కులున్నాయి. ఎండ తగిలితే సెన్సార్ ఉన్నదానికంటే ఎక్కువ వేడి చూపిస్తుంది. పరికరం మోడల్ మారితే అంకెలూ కొంచెం జరుగుతాయి. పాత రికార్డులను ఓపిగ్గా సరిచేస్తే తప్ప అసలు మార్పు బయటపడదు. 1978 చివరి నుంచి ఉపగ్రహాలు తోడయ్యాయి కానీ, అవి కిలోమీటర్ల మందమున్న పొరల సగటునే చూస్తాయి. ఆ మూత సరిగ్గా ఎక్కడుందో చెప్పాలంటే బెలూన్ కావాల్సిందే. 2019లో పోలార్‌స్టెర్న్ అనే పరిశోధన నౌకను కావాలనే మంచులో ఇరికించి, దాదాపు ఏడాదిపాటు సముద్రం మీద కొట్టుకుపోనిచ్చారు. దాని మీద నుంచి ప్రతి 6 గంటలకు ఒక బెలూన్ ఎగరేశారు.