మాస్టారి గుడ్డసంచి

శ్రోతలకు నమస్కారం. మా సోంపేటలో నాకు తెలుగు చెప్పిన మాస్టారి గురించి నాలుగు మాటలు చెప్పాలి. ఆయన పేరు చెప్పను, చెబితే ఇంటికొచ్చి మరీ తిడతారు.

రిటైరైన మర్నాటి నుంచే (ఈ ముక్క తలుచుకుని వాళ్లావిడ ఇప్పటికీ విసుక్కుంటారు) గుడ్డసంచి భుజాన వేసుకుని బ్యాంకు మెట్ల మీద కూర్చోవడం మొదలుపెట్టారు. డబ్బు తీసే ఫారం, పింఛను కాగితం, ఎవరికేది కావాలంటే అది రాసిపెట్టడం. సంచిలో పెన్నులు, అట్ట, తెల్లకాగితాలు ఉంటాయిగానీ స్టాంప్ ప్యాడ్ ఉండదు. వేలిముద్ర వేస్తానంటే ఒప్పుకోరు, సంతకం నేర్చుకోవాల్సిందే. జీడిపిక్కలు కొట్టీ కొట్టీ వేళ్లు నల్లబడిపోయిన ఒక ముసలావిడ "నాకేటి వస్తాది బాబూ" అని మొత్తుకుంది. పైగా ఆవిడ పేరు చివర లక్ష్మి ఉంది, మొదటిరోజే క్ష్మి రాయమంటే ఎవరికైనా టెన్షనే కదా! మాస్టారు సుద్దముక్క చేతికిచ్చి "ముగ్గనుకో అమ్మా" అన్నారు. మెట్లన్నీ క్ష్మిలే. బ్యాంకు ఊడ్చే అబ్బాయి లబోదిబోమన్నాడు.

ఆయన మొండితనం నాకు అప్పట్లో చాదస్తంలాగే కనిపించేది. తిత్లీ తుఫాను వచ్చాక మారాను. 2018 అక్టోబర్ 11, తెల్లవారుజామున పలాస దగ్గర తీరం దాటిన ఆ గాలివాన మా ఉద్దానంలో కొబ్బరిచెట్లనీ జీడితోటల్నీ పడగొట్టేసింది. కరెంటు లేదు, మాస్టారి వీధరుగు మీద కొవ్వొత్తులు పెట్టుకుని నష్టపరిహారం అర్జీలు రాస్తున్నాం. నేను నా తెలివంతా వాడి "మహారాజశ్రీ తహసీల్దారు వారి దివ్యసముఖమునకు" అని మొదలుపెట్టాను. ఆయన అడ్డంగా కొట్టేశారు.

"ఒరేయ్, గిడుగు రామమూర్తి గారిది ఎక్కడరా? మన శ్రీముఖలింగం పక్కన పర్వతాలపేట. పర్లాకిమిడిలో బడిపంతులుగా ఉంటూ సవర గిరిజనులకి చదువు చెప్పడానికి ముందు వాళ్ల భాష తను నేర్చుకున్నాడు. జనం మాట్లాడే తెలుగే రాయాలని జీవితమంతా పోట్లాడాడు. ఆ గడ్డ మీద పుట్టి దివ్యసముఖమేంట్రా?"

సరేనని ఎదురుగా కూర్చున్న రైతు చెప్పింది చెప్పినట్టే మళ్లీ రాశాను. "నా పేరు ఫలానా. గాలివానకి నా కొబ్బరిచెట్లు పద్నాలుగు పడిపోయాయి." చదివి వినిపించాను. ఇందాక నా గ్రాంథికానికి "చిత్తం బాబూ" అని తలూపిన మనిషి ఈసారి చెయ్యెత్తి ఆపాడు.

"పద్నాలుగు కాదు బాబూ, పదిహేను. ఇంటెనక దాన్ని మర్సిపోనాను."

మాస్టారు నావైపు చూశారు, ఏమీ అనలేదు. అంకె దిద్దాను. ఆయన పెన్ను ఇటు తిప్పి రైతు చేతికిచ్చారు. అతను సంతకం చెయ్యడానికి చాలాసేపే పట్టింది, అంతలో కొవ్వొత్తి మైనం కారి కాగితం మీద పడింది. ఇంకో తెల్లకాగితం తీసుకుని మొదటినుంచీ రాశాను.