పంటికి త్రీడీ ఎక్స్‌రే: నా సొంత స్కాన్‌తో సీబీసీటీ రివ్యూ

నమస్తే అండీ. స్క్రీన్ మీద కనిపిస్తున్నది నా కింది దవడే. కుడివైపు చివర అడ్డంగా పడుకుని ఉంది చూశారా, అదే జ్ఞాన దంతం. ఆర్నెల్లపాటు వాస్తూ తగ్గుతూ నన్ను నిద్రపోనివ్వలేదు. తీసేయాలన్నారు డాక్టరు గారు. కానీ ఓపీజీ ఎక్స్‌రేలో పంటి వేరూ, కింది పెదవికీ గడ్డానికీ స్పర్శనిచ్చే నరమూ ఒకదాని మీద ఒకటి పడి కనిపించాయి. అందుకని సీబీసీటీ, అంటే కోన్ బీమ్ సీటీ తీయించమన్నారు.

ఓపీజీతో చిక్కేంటంటే, దవడ మొత్తాన్ని చాపలా పరిచి చూపిస్తుంది. గోడ మీద రెండు చేతుల నీడలు కలిసినప్పుడు, ఆ చేతులు నిజంగా తాకుతున్నాయో, మధ్యలో జానెడు ఎడముందో నీడ చెప్పదు కదా. నా పంటి సంగతీ అంతే.

స్కాన్‌కి చెవిపోగులు, గొలుసు తీయించారు. గడ్డం ఆసరా మీద ఆనించి, ముందుపళ్ళతో చిన్న ప్లాస్టిక్ పుల్ల కొరికి పట్టుకుని నిలబడ్డాను. మెషీన్ చేయి తల చుట్టూ ఒక్కసారి తిరిగింది. ఒక పక్క నుంచి కోన్ ఆకారంలో ఎక్స్‌రే వస్తుంది, ఎదురుగా డిటెక్టర్ ఉంటుంది. ఆ ఒక్క చుట్టులో తీసిన వందల బొమ్మల్ని కంప్యూటర్ కలిపి త్రీడీగా కడుతుంది. మామూలుగా 10 నుంచి 20 సెకన్ల పని. 1896లో జర్మనీలో ఓటో వాల్‌కాఫ్ తన పళ్ళకి మొదటి ఎక్స్‌రే తీసుకున్నప్పుడు 25 నిమిషాలు కదలకుండా ఉండాల్సి వచ్చిందట!

ఆ కాసేపూ గుటక వేయకండి. నేను వేశాను. పంటి అంచులు రెండేసి పడ్డాయి, మళ్ళీ తీశారు. ముందే చెప్పి ఉంటే ఆ రెండో డోసు తప్పేది. ఆ బాధ ఇంకా ఉంది, అందుకే మీకు చెబుతున్నాను.

ఇప్పుడు అడ్డకోత చూడండి. తెల్లటి అంచున్న ఈ నల్లటి గుండ్రం నరం వెళ్ళే కాలువ. పైన ఉన్నది వేరు. మధ్యలో సన్నగా తెల్లటి ఎముక పొర ఉంది. మౌస్ తిప్పుతున్నాను... ఇంకొంచెం... ఇదిగో, ఇక్కడ పొర లేదు! వేరు కాలువని ఆనుకునే ఉంది, నరం నాలుక వైపు నుంచి పోతోంది. ఇది చూశాకే పన్నుని ముక్కలు చేసి, వేర్లని విడివిడిగా తీయాలని డాక్టరు గారు నిర్ణయించారు. పెదవికి తిమ్మిరి రావచ్చనీ ముందే చెప్పారు. తీసి మూడు నెలలైంది, స్పర్శ మామూలుగానే ఉంది. ఇదంతా స్కాన్ గొప్పే అనను, పన్ను తీసిన చెయ్యి డాక్టరుది. పైగా జ్ఞాన దంతం తీసే ప్రతివాళ్ళకీ ఈ స్కాన్ అక్కర్లేదు. ఓపీజీలో అనుమానం వచ్చినప్పుడే దీని అవసరం.

రంగుల్లో గిరగిరా తిరిగే ఆ పుర్రె బొమ్మ చూడ్డానికి బావుంటుంది కానీ, అసలు విషయం ఈ బూడిదరంగు స్లైసుల్లోనే ఉంది. ఇంప్లాంట్ వేసేముందు ఎముక ఎత్తే కాదు, మందం కూడా ఇక్కడే కొలుస్తారు. రూట్ కెనాల్ చేసినా నొప్పి తగ్గని పై దవడ నమిలే పంటిలో, దొరక్కుండా పోయిన నాలుగో వేరు కాలువ కూడా చాలాసార్లు ఇందులోనే బయటపడుతుంది.

లోపాలూ ఉన్నాయి. మెటల్ క్యాప్ ఉంటే దాని పక్కన నల్లటి చారలు పడి అసలు చూడాల్సింది మరుగవుతుంది. చిగుళ్ళు, కండ సరిగ్గా తెలియవు. పళ్ళ మధ్య అప్పుడే మొదలైన పుచ్చుకి మామూలు బైట్‌వింగ్ ఎక్స్‌రేనే మేలు.

ఇక రేడియేషన్. రెండు మూడు పళ్ళ వరకే తీస్తే సాధారణంగా కొన్ని పదుల మైక్రోసీవర్ట్‌లు, ముఖమంతా తీస్తే వందల్లోకి వెళ్ళొచ్చు. ప్రకృతి నుంచి మనిషికి ఏడాదికి అందేది ప్రపంచ సగటున సుమారు 2,400. భయపడక్కర్లేదు, అలాగని ఊరికే తీయించుకునేదీ కాదు. పిల్లల విషయంలో మరీ జాగ్రత్త. "డాక్టరు గారూ, ఇందులో మీరు ఏం చూడాలనుకుంటున్నారు? ఆ భాగం వరకే తీస్తే సరిపోతుందా?" అని మొహమాటపడకుండా అడగండి.

తీశాక ప్రింటుతో సరిపెట్టుకోకండి. డైకామ్ ఫైళ్ళు, అంటే స్కాన్ అసలు కంప్యూటర్ ఫైళ్ళు, అడిగి తీసుకోండి, ఇంకో డాక్టరుకి చూపించాల్సి వస్తే మళ్ళీ తీయించే పని తప్పుతుంది. నేను సీడీలో తెచ్చుకున్నాను. ఇందాకటి నుంచి మీరు చూస్తున్నది దాన్నే.