కనిపించని కొండల నీడలో

శ్రోతలకు నమస్కారం. కొండలనగానే హైదరాబాదువాసులకు గోల్కొండ, మౌలాలి, బంజారాహిల్స్ గుట్టలు గుర్తుకు వస్తాయి. కానీ మన తిండినీ తాగునీటినీ ఎక్కువగా నిర్ణయించినవి వందల కిలోమీటర్ల పడమట ఉన్న సహ్యాద్రి పర్వతాలు, అంటే పడమటి కనుమలు.

జూన్ నెలలో అరేబియా సముద్రం నుంచి వీచే తేమగాలి సహ్యాద్రిని తాకి, పైకి లేచి, చల్లబడి, మోసుకొచ్చిన నీటిలో అధికభాగాన్ని పడమటి వాలుమీదా శిఖరాలమీదా కురిపిస్తుంది. మహాబలేశ్వరంలో ఏటా 5,000 మిల్లీమీటర్లకు పైగా వాన పడితే, మన నగరానికి దక్కేది సుమారు 800 మిల్లీమీటర్లు. అందుకే కొంకణ తీరంలో వరి, కొబ్బరి పండుతుండగా, దక్కను మెట్టభూముల్లో జొన్న, సజ్జ, కంది నిలదొక్కుకున్నాయి. జొన్నరొట్టెను మనం అభిరుచి అనుకుంటాము గానీ, దాని వెనుక ఉన్నది వానల లెక్క. కాకతీయుల కాలంలో పాకాల, రామప్ప వంటి చెరువులు వెలియడానికీ, తెలంగాణ పల్లెల్లో గొలుసుకట్టు చెరువులు విస్తరించడానికీ ఈ లెక్కే ముఖ్యకారణం.

వానను అడ్డుకున్న ఆ పర్వతాలే మనకు కృష్ణానదిని కూడా ఇచ్చాయి. మహాబలేశ్వరం దగ్గర, అరేబియా సముద్రానికి 65 కిలోమీటర్ల దూరంలోనే పుట్టినప్పటికీ, పీఠభూమి తూర్పుకు వాలి ఉన్నందువల్ల కృష్ణ దాదాపు 1,400 కిలోమీటర్లు ప్రవహించి బంగాళాఖాతంలో కలుస్తుంది. దారిలో నల్లమల కొండలను లోతుగా కోసుకుంటూ పోతుంది.

నల్లమలలో చెంచుల బంధుత్వాలలోకి సైతం కొండ ప్రవేశించింది. నిట్టనిలువు కొండచరియకు పట్టిన తేనెపట్టు కోసం తాడు పట్టుకుని దిగేవాడికి, పైన ఆ తాడును కాచేవాడు సాధారణంగా అతని బావమరిదే. అక్కచెల్లెళ్ల పసుపుకుంకుమలు కోరేవాడు తాడు వదలడన్న నమ్మకం ఆ ఏర్పాటులో ఉంది. అహోబిలం నరసింహస్వామి చెంచులక్ష్మిని పెళ్లాడాడు గనుక, ఆయన వారికి అల్లుడే.

నది కోసిన ఆ ఇరుకు లోయలే శ్రీశైలం, నాగార్జునసాగర్ ఆనకట్టలకు అనువైన చోట్లయ్యాయి. అయితే సాగర్ పూర్తి నీటిమట్టం 590 అడుగులు, అంటే సముద్రమట్టానికి సుమారు 180 మీటర్లు; హైదరాబాదు 500 మీటర్లకు పైన ఉంది. సహ్యాద్రి నుంచి తనంతట తానే దిగివచ్చిన నీటిని మన కుళాయిలకు చేర్చడానికి మూడువందల మీటర్లకు మించి ఎత్తిపోయవలసి వస్తున్నది. మిద్దెమీది ట్యాంకు నింపే మోటారు బిల్లు చూసి ఉలిక్కిపడే మనం, ఆ పెద్ద మోటార్ల కరెంటు ఖర్చును మాత్రం అంతగా తలచుకోము.