పసిబిడ్డకు తొలి కార్ సీటు: క్యాప్సూలా, కన్వర్టిబులా?

[దృశ్యం: కారు వెనుక భాగంలో పక్కపక్కనే బిగించిన రెండు సీట్లు. ఒకదానికి బుట్టకు ఉన్నట్లు పైన పిడి ఉంది.]

పిడి ఉన్నది బేబీ క్యాప్సూల్. కారులో బిగించి ఉంచిన బేస్ మీద పెట్టగానే క్లిక్‌మని కూర్చుంటుంది, దిగేటప్పుడు బిడ్డతో సహా ఊడదీసి తీసుకుపోవచ్చు. రెండవది కన్వర్టిబుల్ సీటు. ఇది కారులోనే ఉండిపోతుంది. మొదట బిడ్డ ముఖం కారు వెనుక వైపు ఉండేలా, కొన్నేళ్ల తరువాత ముందు వైపు ఉండేలా దీనిని తిప్పి బిగిస్తారు.

వీటిలో ఏది ఎక్కువ సురక్షితం అని తల్లిదండ్రులు ముందుగా అడుగుతారు. పుట్టిన బిడ్డ శరీరం పొడవులో తలే దాదాపు నాలుగో వంతు ఉంటుంది, మెడకు ఇంకా బలం రాదు. కారు ఎదురుగా దేనినైనా ఢీకొన్నప్పుడు, వెనుకకు తిరిగి ఉన్న సీటు ఆ దెబ్బను వీపు, మెడ, తల అంతటా పంచి, మెడ ఒక్కటే ఆ భారం మోయకుండా కాపాడుతుంది. ఈ పని రెండు రకాలూ చేస్తాయి కనుక, మన బిడ్డకు ఏది సరిగ్గా అమరుతుందో చూడడమే ముఖ్యం.

[దృశ్యం: పట్టీ భుజం దగ్గర దూరే రంధ్రం, దగ్గరగా.]

వెనుకకు తిరిగి ఉన్న సీటులో భుజం పట్టీలు బిడ్డ భుజాలకు సమానంగా గానీ, కాస్త కిందుగా గానీ మొదలవ్వాలి. పుట్టినప్పటి నుంచి వాడవచ్చని రాసి ఉన్న కన్వర్టిబుల్ సీట్లలో కూడా కొన్నింటి అడుగు రంధ్రం, రెండున్నర కిలోల బిడ్డకు చెవుల దాకా వస్తుంది. పట్టీ బిగించాక భుజం ఎముక దగ్గర రెండు వేళ్లతో పట్టుకుని చూడండి; మడత చేతికి చిక్కిందంటే ఇంకా వదులుగా ఉన్నట్టే. మందపాటి స్వెటర్ మీద ఈ పరీక్ష చేస్తే అది తప్పు చెబుతుంది, కాబట్టి స్వెటర్ తీసేయాలి.

వాలు కూడా అంతే ముఖ్యం. సీటు మరీ నిటారుగా ఉంటే నిద్రలో తల ముందుకు వాలి గడ్డం ఛాతీకి ఆనుతుంది, సన్నని శ్వాసనాళం నొక్కుకుపోతుంది. సరైన వాలును చూపే గీత గానీ, బుడగ గానీ చాలా సీట్లకు పక్కన ఉంటుంది. నెలలు నిండకుండా పుట్టిన బిడ్డ విషయంలో మాత్రం సీటు ఎంపికకు ముందే వైద్యులను అడగాలి.

క్యాప్సూల్‌లో అసలు ఆకర్షణ నిద్ర చెదరకుండా మోసుకుపోగలగడం. నాకు అనుమానం కలిగించేదీ అదే. ఖాళీ క్యాప్సూలే మూడు నుంచి ఐదు కిలోలుంటుంది. ఏడు కిలోల బిడ్డతో కలిపి ఒక చేత్తో మెట్లెక్కడం ఎన్నాళ్లు సాగుతుందో ఊహించవచ్చు. పైగా ఇంట్లో నేల మీద పెట్టేసరికి కారులో బేస్ ఇచ్చిన వాలు మారిపోతుంది. గమ్యం చేరగానే బిడ్డను తీసి చదునైన పరుపు మీద పడుకోబెట్టవలసిందే.

ఖర్చు లెక్క సూటిగానే ఉంటుంది. తలపైన రెండున్నర సెంటీమీటర్ల చోటు మిగలనప్పుడు క్యాప్సూల్ చిన్నదైపోయినట్టే. చాలామంది పిల్లలు బరువు పరిమితికి ముందే, ఏడాది అటూ ఇటూగా, ఆ ఎత్తుకు చేరతారు. ఐరోపాలో పాటించే ఆర్129 అనే పిల్లల కార్ సీట్ల భద్రతా ప్రమాణం 15 నెలలు దాటేవరకు బిడ్డ వెనుకకే తిరిగి ఉండాలంటుంది. అంటే క్యాప్సూల్ కొన్నవారు మరో వెనుకకు తిరిగే సీటు కొనక తప్పదు.

ఇంట్లో ఒకటే కారు ఉండి, దానిలో ప్రయాణాలు తక్కువైతే, బిడ్డకు సరిపోయే కన్వర్టిబుల్ చాలునని నా అభిప్రాయం. రెండు కార్ల మధ్య రోజూ మారేవారికి, తక్కువ బరువుతో పుట్టిన బిడ్డ ఉన్నవారికి క్యాప్సూల్ తన ధరకు తగ్గ మేలు చేస్తుంది.

[దృశ్యం: ముందు సీటులో డ్రైవర్, ఆయన వీపు వెనుక కన్వర్టిబుల్ సీటు.]

డబ్బు చెల్లించే ముందు సీటును మీ కారులోనే బిగించి చూడండి. వెనుకకు తిప్పిన కన్వర్టిబుల్ చాలా చోటు తీసుకుంటుంది, కనుక ముందు సీటులో మనిషిని కూర్చోబెట్టి చూడాలి. ఎయిర్‌బ్యాగ్ పనిచేస్తున్న ముందు సీటులో వెనుకకు తిరిగిన ఏ సీటునూ ఎన్నడూ బిగించకూడదు. చివరగా, బెల్టు దూరే చోట సీటును పట్టుకుని అటూ ఇటూ లాగండి. రెండున్నర సెంటీమీటర్లకు మించి కదిలితే, విప్పి మళ్లీ బిగించండి.