గడ్డి కట్ట కోసి చూడండి

అందరికీ నమస్కారం. అక్కలు ఎక్కువమంది వచ్చారు, మంచిదైంది. మన ఇళ్లలో గడ్డి బేరమాడేది మగవాళ్లు, గేదె ముందు వేసేది ఆడవాళ్లు. బేరంలో జరిగిన తప్పు మూడు నెలల తర్వాత "ఇదేం గడ్డి తెచ్చావయ్యా, గేదె మూతి కూడా పెట్టట్లేదు" అని అక్క అడిగినప్పుడు గానీ బయటపడదు.

ఈ బల్ల పక్కన రెండు వరిగడ్డి కట్టలు పెట్టాను. రెండూ మిషన్ చుట్టినవే. ఒకే లావు, ఒకే పొడవు, పైకి ఒకే బంగారు రంగు. పొద్దున కాటా వేస్తే ఒకటి 17 కిలోలు తూగింది, రెండోది 23. బరువుగా ఉన్నదే లాభం అని అక్కడ ఎవరో నవ్వుతున్నారు. ఆ ఎక్కువున్న 6 కిలోలు నీళ్లండి.

మా నాన్న గడ్డి మేటు వేసే రోజు ఇంట్లో పెళ్లి హడావిడిలా ఉండేది. మీలో కొందరు వామి అంటారు, ఏదైనా ఒకటే. కింద తాటి మొద్దులు పరిచి, ఒక మనిషి పైన నిలబడి తొక్కుతూ, గడ్డి కొసలు బయటికి వాలేట్టు అంచులు సర్దుతూ, చివర గోపురంలా ముగించేవాడు. వాన పడితే పూరింటి కప్పు మీద నుంచి జారినట్టు నీళ్లు జారిపోయేవి. ఎక్కడైనా మోపు తడిగా ఉంటే మేటు వేసేవాడికి కాళ్ల కిందే తెలిసేది. "ఇది దించండ్రా, రేపు ఆరాక ఎక్కిద్దాం" అనేవాడు.

ఇప్పుడు ఆ మనిషి లేడు. కోత మిషన్ వచ్చింది. దాని వెనక వరుసగా పడిన గడ్డిని బేలర్ ఎత్తుకుని, చుట్టి, తాడు బిగించి చేలో వదులుతోంది. పదిమంది కూలీల పని ఒక పూటలో అయిపోతోంది. నేను మిషన్‌ను తిట్టడానికి రాలేదు. అది లేకపోతే ఈ గడ్డిలో సగం చేలోనే తగలబెట్టేవాళ్లం. కానీ మేటు వేసేవాడి కాళ్లకు తెలిసిన సంగతి మిషన్‌కు తెలియదు. తడి గడ్డిని కూడా అంతే అందంగా చుట్టి ఇస్తుంది.

నాకు ఇది నష్టపోయాకే తెలిసింది. 2023 డిసెంబరు 5న మిచాంగ్ తుఫాను బాపట్ల దగ్గర తీరం దాటింది గుర్తుందా, ఆ నెలాఖరులో 300 కట్టలు కొన్నాను. రేటు తక్కువ అన్నారు, లెక్క పెట్టుకుని తెచ్చాను. పైపైన ఎండి గలగలలాడుతున్నాయి. పాక పక్కన ఇటుకలు పేర్చినట్టు పేర్చి, టార్పాలిన్ బరకం బిగించి కప్పి, పని అయిపోయిందనుకున్నాను. పది రోజులకు తెల్లవారుజామున బరకం మూల ఎత్తితే ఆవిరి వచ్చింది! గునపం లోపలికి గుచ్చి కాసేపు ఉంచి తీస్తే చెయ్యి పెట్టలేకపోయాను. అంతా పీకి బయట వేస్తే అరవైకి పైగా కట్టలు లోపల నల్లబడి తెల్ల బూజుతో ఉన్నాయి. అవన్నీ పేడదిబ్బకే పోయాయి. ఆ వేడి అలాగే పెరిగి ఉంటే పాక కూడా అంటుకునేది. తడి గడ్డిలో బూజులు పెరుగుతూ వేడి పుట్టిస్తాయి. గట్టిగా చుట్టిన కట్టలో ఆ వేడికి బయటికి దారి ఉండదు. అగ్గిపుల్ల గీయకుండానే వాములు అంటుకునేది ఇందుకే.

బూజు గడ్డిని "కొంచెమే కదా, ఎండబెట్టి వేద్దాం" అనుకోకండి. ఎండకు బూజు రాలుతుంది గానీ అది వదిలిన విషం పోదు. అలాంటి వరిగడ్డి తిన్న గేదెలకు తోక కొస, చెవుల అంచులు, గిట్టల పైభాగం చచ్చుబడి కుళ్లుతాయి. దాన్ని డెగ్నాలా జబ్బు అంటారు. ఇప్పుడు పాకిస్తాన్‌లో ఉన్న పంజాబ్ వైపు డేగ్ నాలా అనే వాగు పక్క పల్లెల్లో మొదట చూశారు కాబట్టి ఆ పేరు వచ్చింది.

ఇదిగో, బరువు కట్టను కోస్తున్నాను. ముందు వరుసలో ఉన్నవాళ్లు ముక్కు మూసుకోండి. చూశారా నడుమ రంగు? అందుకే గడ్డి కొనేటప్పుడు లోడుకు రెండు మూడు కట్టలు కోసి, మధ్యలోకి చెయ్యి పెట్టండి. చల్లగా, మెత్తగా తగిలితే వద్దనండి. గుప్పెడు తీసి మెలిపెడితే పటపటా విరగాలి. కట్ట కోయనివ్వను అన్న అమ్మకందారు దగ్గర నేను కొనను. కుదిరితే కట్టల లెక్కన కాకుండా తూకం మీద, పొడి గడ్డికే బేరమాడండి. దాళ్వా, అంటే రబీ పంట గడ్డి ఏప్రిల్ ఎండలో కట్టేది కాబట్టి అంత భయం లేదు. సార్వా, అంటే ఖరీఫ్ పంట గడ్డితోనే జాగ్రత్త.

ఇక తోలకం. మా ట్రక్కులో 80 కట్టలు సుఖంగా పడతాయి. డ్రైవరేమో 120 ఎక్కిస్తానంటాడు, ఒక ట్రిప్పు డీజిల్ మిగులుతుందని. పైన ఎక్కిన ఆ 40 కట్టలే కరెంటు తీగను తాకేవి. చేల గట్ల మీద తీగలు ఎంత కిందికి వేలాడుతున్నాయో మీకు నేను చెప్పాలా? ఎండుగడ్డికి ఒక్క నిప్పురవ్వ చాలు. లోడు వేసే ముందే ఒకసారి దారంతా నడిచి తీగలు చూసుకోండి. గడ్డి మీద మనిషిని కూర్చోబెట్టి "తీగ వస్తే కర్రతో ఎత్తరా" అనే తెలివి మాత్రం ఈ రోజుతో మానేయండి. ఇంకోటి, పొగ గొట్టం దగ్గరికి గడ్డి రాకుండా ముందు వరుస వెనక్కి పేర్చండి.

పేర్చేటప్పుడు చిన్న లెక్క చెబుతాను. మన కట్ట అడ్డం దాదాపు 60 సెంటీమీటర్లు. చుట్టూ 10 సెంటీమీటర్ల మందం తడిసి కుళ్లిందనుకోండి. లోపల బాగున్నది 40 సెంటీమీటర్ల చుట్ట. పదే కదా పోయింది అనిపిస్తుంది. 60ని 60తో, 40ని 40తో గుణించండి. 3600కి 1600 మిగిలింది. సగానికి పైగా పోయింది! అందుకే నేలకు తగలనివ్వకుండా మొద్దులో, ఇటుకలో వేసి, పైకి పోయేకొద్దీ వరుసలు తగ్గిస్తూ ఇంటి కప్పులా ముగించి, బరకాన్ని పైన మాత్రం కప్పి, పక్కలు గాలికి వదలండి. నేను చేసినట్టు పాకకు ఆనించవద్దు.

పెద్ద చుట్టలు తెప్పించుకుందామా అని కుర్రాళ్లు ఫోనుల్లో వీడియోలు చూపిస్తున్నారు. అమెరికాలో అయోవా రాష్ట్రం పెల్లా ఊళ్లో వెర్మీర్ కంపెనీ 1971లో ఆ పెద్ద చుట్టల మిషన్ తెచ్చింది. ఒక్కో చుట్ట మన ఛాతీ ఎత్తు దాటుతుంది. అడ్డం ఒకటిన్నర మీటర్ల చుట్టలో చుట్టూ 15 సెంటీమీటర్లు పాడైనా పోయేది మూడో వంతు కంటే కొంచెం ఎక్కువంతే. ఆ మేరకు అది మన కట్ట కంటే నయం. కానీ మూడు నాలుగు వందల కిలోలు ఎత్తాలంటే ట్రాక్టర్‌కు ముందు లోడర్ ఉండాలి. వాలులో దొర్లితే మనిషి ప్రాణం పోతుంది. వంద గేదెలున్నవాళ్లు ఆలోచించుకోండి. నాలాగా పది గేదెలవాడికి మాత్రం ఇద్దరు మనుషులు ఎత్తగలిగిన కట్టే సరి.

పది గేదెలకు ఎంత కావాలి? రోజూ తలకు పచ్చిగడ్డి 20 కిలోలకు తగ్గకుండా వేస్తే, ఎండుగడ్డి 5 కిలోలు చాలు. రోజుకు మూడు కట్టలు, ఏడాదికి 1,100. వరిగడ్డి కడుపు నింపుతుంది గానీ అందులో మాంసకృత్తులు 4 శాతం కూడా ఉండవు. ఉన్న సున్నాన్ని, అంటే కాల్షియాన్ని కూడా ఒంటబట్టనివ్వదు. ఖనిజ మిశ్రమం తలకు రోజుకు 50 గ్రాములు దాణాలో కలపండి. పచ్చిగడ్డి లేని నెలల్లో యూరియా పట్టిన గడ్డి మేలు. 100 కిలోల గడ్డికి, అంటే ఆరు కట్టలకు, 4 కిలోల యూరియా 50 లీటర్ల నీళ్లలో పూర్తిగా కరిగించి, పొరలు పొరలుగా చల్లి తొక్కి, గాలి చొరకుండా 21 రోజులు కప్పి ఉంచాలి. కట్ట విప్పకుండా పైన చల్లితే లోపలికి దిగదు, విప్పాల్సిందే. తీశాక ఘాటు పోయేదాకా ఆరబెట్టి, మొదటి వారం కొద్దికొద్దిగా అలవాటు చేయండి. ఆరు నెలల లోపు దూడలకు వద్దు. కలిపిన నీళ్ల బకెట్టు గేదెలకు అందేచోట పెట్టి పక్కకు పోకండి, అవి తాగితే చస్తాయి.

ఆఖరిది తాడు. నైలాన్ తాడు గేదె కడుపులోకి పోతే అరగదు, బయటికీ రాదు. ముద్దకట్టి అక్కడే ఉంటుంది. కట్ట కోసేటప్పుడు నాలుగు చోట్ల నరికితే ముక్కలు గడ్డిలో కలిసిపోతాయి. ఒక్కచోటే కోసి మొత్తం లాగండి. మా పాకలో గుంజకు ఒక మేకు కొట్టాం. మా ఇంటావిడ విప్పిన ప్రతి కట్ట తాడునూ ముడివేసి దానికి తగిలిస్తుంది. సాయంత్రానికి మేకు మీద మూడు ముడులుండాలి. రెండే ఉంటే మూడోది దొరికేదాకా గేదెలు మేసే గాడి వెతుకుతాం. ఇందాక కోసిన కట్ట తాడు, ఇదిగో, నా జేబులో ఉంది.