బీప్ రాకపోతే ఎలిమెంట్ పోయినట్టేనా?

[బల్ల మీద ఇస్త్రీ పెట్టె, మల్టీమీటర్]

ఇస్త్రీ పెట్టె వేడెక్కట్లేదు, మీటర్ పెడితే బీప్ రాలేదు, ఇంకేముంది, ఎలిమెంట్ కాలిపోయింది! ఈ లెక్కన బాగున్న ఎలిమెంట్లను పారేస్తుంటే నిజంగా బాధేస్తుంది.

ఆ బీప్ ఇచ్చే బజర్ మోగాలంటే రెసిస్టెన్స్ చాలా తక్కువుండాలి. మీటర్‌ని బట్టి 30 ఓమ్‌లో, 50 ఓమ్‌లో, 70 ఓమ్‌లో, ఆ లోపుంటేనే మోగుతుంది. మరి 1000 వాట్ల ఇస్త్రీ పెట్టెకి ఎంతుండాలి? ఇంట్లో వోల్టేజీ 230ని 230తో గుణించి వాట్లతో భాగించండి. 52.9 ఓమ్‌లు. అంటే అదే పెట్టె ఒక మీటర్‌కి మోగుతుంది, ఇంకోదానికి మోగదు. బజర్ వైర్లు చూసుకోడానికి పనికొస్తుంది. ఎలిమెంట్‌కి మాత్రం అంకె చూడాల్సిందే.

ప్లగ్గు పీకేసి, డయల్ 200 ఓమ్‌ల మీద పెట్టండి. ముందు రెండు ప్రోబులూ ఒకదానికొకటి తాకించండి. 0.3, 0.5 అలా వస్తుంది. అది లీడ్లది, అంటే ప్రోబుల వైర్లది, తర్వాత వచ్చే అంకెలోంచి తీసేయాలి. ఇప్పుడు నాబ్‌ని కాటన్ దాకా తిప్పండి. ఆఫ్‌లో వదిలేస్తే థర్మోస్టాట్, అంటే వేడిని అదుపు చేసే స్విచ్, తెరుచుకునే ఉంటుంది, మీటర్ ఎడమ పక్కన 1 చూపిస్తుంది. అంటే ఒక ఓమ్ అని కాదు, ఆ రేంజ్‌కి అందనంత ఎక్కువ అని. ఎక్కువమంది పొరబడేది ఇక్కడే.

[మీటర్ దగ్గరగా: 53.2]

ప్లగ్గు చిన్న పిన్నులు రెండింటి మధ్య 53 దగ్గర్లో వచ్చిందా? ప్రోబులు తీయకుండా, ప్లగ్గు మెడ దగ్గరా, పెట్టెలోకి వైరు వెళ్లే చోటా మెల్లగా వంచి చూడండి. అంకె ఉన్నట్టుండి 1కి దూకితే వైరు లోపల తెగింది. ఎలిమెంట్‌కేం కాలేదు.

వంచినా వంచకపోయినా 1 అంటుంటే మూత విప్పి, ఎలిమెంట్, థర్మోస్టాట్, థర్మల్ ఫ్యూజు (వేడి హద్దు దాటితే తెగిపోయేది) విడివిడిగా చూడాలి. చివరి రెండూ సున్నాకి దగ్గరగా రావాలి. ఫ్యూజు పోతే అదే రేటింగ్‌ది వేయండి. దాన్ని తీసేసి వైరు కలిపేయడం నేను ఒప్పుకోను. థర్మోస్టాట్ పాయింట్లు అతుక్కుపోయిన రోజున వేడిని ఆపేది అదొక్కటే.

షాక్ సంగతి. పెద్ద పిన్ను నుంచి పెట్టె అడుగు రేకుకి ఒక ఓమ్ లోపే ఉండాలి. తర్వాత డయల్ 2000కె మీదికి తిప్పి, చిన్న పిన్నులు ఒక్కోదాన్నుంచీ రేకుకి చూడండి. ఇక్కడ 1 రావడమే మంచిది. ప్రోబుల లోహాన్ని రెండు చేతులతో పట్టుకోవద్దు, మీ ఒంటి రెసిస్టెన్సే లీకేజీలా, అంటే కరెంటు రేకులోకి కారుతున్నట్టు, కనిపిస్తుంది. మీటర్ బ్యాటరీ వోల్టేజీకి బయటపడని లీకేజీ 230 దగ్గర బయటపడొచ్చు. 1 వచ్చినా షాక్ కొడుతుంటే వాడకండి, 500 వోల్టుల మెగ్గర్‌తో, అంటే ఎక్కువ వోల్టేజీ పెట్టి లీకేజీ చూసే మీటర్‌తో, చూపించండి.

టైమ్ అయిపోతోంది, మిగతావి గబగబా. గీజర్ 2000 వాట్లైతే 26 ఓమ్‌లు, 1500 వాట్ల హీటర్ రాడ్డుకి 35. గీజర్ కటౌట్ (వేడెక్కువైతే కరెంటు ఆపేది) తెరుచుకుని ఉంటే ముందు దాని రీసెట్ బటన్ నొక్కి చూడండి. సీలింగ్ ఫ్యాన్ వైండింగ్‌కి బజర్ అసలు వాడొద్దు, వందల ఓమ్‌లుంటాయి. ఫ్యాన్ కెపాసిటర్‌ని డిశ్చార్జ్ చేసి (అందులో మిగిలిన ఛార్జ్ పోగొట్టి), విప్పి, మైక్రోఫారడ్ రేంజ్‌లో చూడండి. మీద 2.5 అని రాసుండి మీటర్ 1.8 చూపిస్తే ఫ్యాన్ నెమ్మదించింది అందుకే, మార్చేయండి.